గుత్తి కొండ మీద నీటి లెక్క

అనంతపురం జిల్లా గుత్తి కోట అనగానే అందరూ గోడల సంగతే ఎత్తుకుంటారు. మైదానం మీంచి దాదాపు 300 మీటర్లు లేచిన రాతికొండ, దాని చుట్టూ అంచెలంచెలుగా ప్రాకారాలు, బురుజులు. బుక్కరాయల కాలపు శాసనం దీన్ని దుర్గాలకే రాజు అంది, తప్పేం లేదు. ముట్టడి పడ్డాక మాత్రం లెక్కకొచ్చేది నీళ్లే.

బండ మీద పడ్డ వాన ఇంకదు, జారిపోతుంది. కొండకోటల్లో ఆ జారేచోటే పల్లం చూసి, రాయి తొలిచి, అంచున సున్నం గారతో కట్ట పోసేవాళ్లు. ఎకరం బండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, ఒక్క చుక్కా పోకుండా పట్టినా వచ్చేది 40 వేల లీటర్లు. మనిషికి రోజుకు 4 లీటర్లు, గుర్రానికి 30 వేసుకోండి. వెయ్యిమంది, 200 గుర్రాలు ఉంటే నాలుగు రోజులకే సరి. ఎండకు ఆవిరయ్యేది, గార పగిలి కారిపోయేది వేరే. పై నుంచి కొట్టుకొచ్చిన మట్టి ఏటా తియ్యకపోతే గుంట లోతూ తగ్గుతుంది.

1776లో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే కోట మైసూరు హైదర్ అలీ చేతికి పోయింది ఈ నీళ్ల దగ్గరే. నీళ్లు అడుగంటి, కోటలోవాళ్లు డబ్బిస్తామని రాజీకొచ్చారు. ఇవ్వాల్సిన సొమ్ముకి హామీగా హైదర్ దగ్గరికి పంపిన కుర్రాడు, పైన మూడు రోజుల నీళ్లు కూడా లేవని నోరు జారాడట. హైదర్ బేరం పక్కనపెట్టి మళ్లీ ముట్టడికి దిగాడు. ఇది మైసూరు చరిత్ర రాసిన ఇంగ్లీషు అధికారి విల్క్స్ కథనం, గెలిచినవాళ్ల వైపు నుంచి విన్నదీ కావచ్చు. మురారిరావు మైసూరు రాజ్యంలోని కబ్బాలదుర్గం కొండకోట చెరలో చనిపోయాడు. కొండ అంచున ఆయన కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఇప్పటికీ ఉంది.

1800లో దత్తమండలాలతో పాటు గుత్తి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను ముందు పాతిపెట్టింది ఈ ఊళ్లోనే, తర్వాత మద్రాసుకు తరలించారు.

ఇప్పుడు కోటకు ముట్టడి రావి మొక్కది. పిట్ట రెట్టలో పడ్డ గింజ రాళ్ల సందులో మొలుస్తుంది, వేరు లావెక్కి రాయిని బయటికి నెడుతుంది. పైకొమ్మ కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేరు చంపి, సందుని సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి పక్క గార ఊడుతుంది.

ఎక్కేవాళ్లు తెల్లారేసరికి మొదలుపెట్టండి, బండ కాగితే చెప్పులున్నా కాళ్లు నిలవవు. మనిషికి రెండు లీటర్లు కిందే నింపుకోండి.