ఫ్యానక్ రోబో ఆర్మ్‌కి బ్యాటరీలు మార్చడం: నా అనుభవం

మా లైన్‌లో ఉన్నవి ఫ్యానక్ ఆర్-2000ఐబీ రోబోలు, ఆర్-30ఐఏ కంట్రోలర్‌తో. బేస్ పక్కన చిన్న పెట్టెలో నాలుగు డీ-సైజు ఆల్కలైన్ సెల్స్ ఉంటాయి, మనం పెద్ద టార్చిలైట్‌లో వేసే సైజే. నాలుగూ సిరీస్‌లో కలిసి 6 వోల్టులు. కంట్రోలర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆరు యాక్సిస్‌ల (కీళ్ల) పల్స్‌కోడర్లను, అంటే మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్లను, బతికించేవి ఇవే. మోడల్‌ని బట్టి ఏడాదికో ఏడాదిన్నరకో మార్చమని మాన్యువల్ చెబుతుంది. నేను మాత్రం ఏటా దసరా సెలవులకు ముందే మారుస్తాను. ప్లాంట్ కరెంటు తీసేసిన ఆ రోజుల్లోనే నీరసించిన సెల్స్ పూర్తిగా చస్తాయి.

ముందు అలారాలు. ఎస్‌ఆర్‌వీఓ-065 వస్తే వోల్టేజి తగ్గిందని అర్థం. రోబో నడుస్తూనే ఉంటుంది కాబట్టి ప్రొడక్షన్ వాళ్లు రీసెట్ కొట్టి వదిలేస్తారు. ఎస్‌ఆర్‌వీఓ-062 వచ్చిందంటే మాత్రం వోల్టేజి సున్నాకి పడిపోయింది, పొజిషన్ పోయినట్టే. ఈ రెంటి మధ్య ఎంత గడువుంటుందో ఎవరూ చెప్పలేరు, 065 కనబడిన షిఫ్ట్‌లోనే మార్చేయడం మంచిది.

సెల్స్ తీసే ముందు పెండెంట్ (చేతిలో పట్టుకుని రోబోని నడిపే కంట్రోల్ బాక్స్) నుంచి పూర్తి బ్యాకప్ తీసుకుంటాను. మాస్టర్ కౌంట్ (సున్నా పొజిషన్‌లో ఒక్కో పల్స్‌కోడర్ చూపే లెక్క) విలువలు ఆరూ కాగితం మీద రాసుకుంటాను. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన మాట: కంట్రోలర్ ఆన్‌లోనే ఉండాలి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి పని చేయాలి. సేఫ్టీ వాళ్లు బ్రేకర్ ఆపి తాళం వేయమంటారు. మిగతా ఏ పనికైనా అది సరైన పద్ధతే, ఈ పనిలో మాత్రం సెల్స్ బయట ఉండగా కరెంటు పోతే మాస్టరింగ్, అంటే ఒక్కో యాక్సిస్‌కి సున్నా ఎక్కడో రోబోకి తెలిపే లెక్క, పోతుంది. అందుకే బ్రేకర్‌కి ‘ఆఫ్ చేయవద్దు’ ట్యాగ్ కట్టి, ప్యానెల్ దగ్గర ఒక మనిషిని నిలబెడతాను.

మూత స్క్రూలు విప్పి నాలుగూ ఒకేసారి మార్చాలి. పాతవి రెండు, కొత్తవి రెండు కలిపితే పాతవి ముందు చచ్చి లీకవుతాయి. స్టోర్స్‌లో ధర తక్కువని మామూలు జింక్-కార్బన్ సెల్స్ అంటగడతారు, తీసుకోవద్దు. రీచార్జబుల్ కూడా పనికిరాదు: ఒక్కోటి 1.2 వోల్టులే, నాలుగూ కలిపినా 4.8. వేసే ముందు ఒక్కో సెల్‌ని మల్టీమీటర్‌తో చూస్తాను, కొత్తది ఒకటిన్నర వోల్టులకు పైనే చూపించాలి. స్ప్రింగుల మీద ఆకుపచ్చ తుప్పుంటే గీకి శుభ్రం చేయాలి. కొత్త సెల్స్ వేశాక కూడా 065 పోలేదంటే నా అనుమానం మొదట ఆ తుప్పు మీదే, తర్వాత ప్లస్ మైనస్ తిరగబడిందేమోనని, ఆ తర్వాత కేబుల్ మీద.

ఇక 062 వచ్చేసిన రోబో సంగతి. మెనూలో సిస్టమ్‌కి వెళ్లి మాస్టర్/కాల్ తెరవాలి. అది కనిపించకపోతే వేరియబుల్స్‌లో డాలర్ మాస్టర్ ఈఎన్‌బీని 1 చేయాలి. అక్కడ రెస్ పీసీఏ (పల్స్‌కోడర్ అలారం రీసెట్) నొక్కి, యస్ ఇచ్చి, కంట్రోలర్ ఆపి ఆన్ చేయాలి. ఇప్పుడు ఎస్‌ఆర్‌వీఓ-075 (పల్స్‌కోడర్ పొజిషన్ ఇంకా ఖాయం కాలేదన్న అలారం) వస్తే కంగారు అక్కర్లేదు. ఆ యాక్సిస్‌ని జాయింట్ మోడ్‌లో మోటార్ ఒక చుట్టు తిరిగేంత జాగ్ చేసి (పెండెంట్ బటన్లతో కదిపి) రీసెట్ కొడితే పోతుంది.

తర్వాత క్విక్ మాస్టర్, అంటే పోయిన మాస్టరింగ్‌ని త్వరగా తిరిగి పెట్టే పద్ధతి. పల్స్‌కోడర్‌లో రెండు లెక్కలుంటాయి. మోటార్ ఒక చుట్టులో ఎక్కడ ఉందన్నది డిస్క్ మీదే ఉంటుంది, బ్యాటరీ పోయినా పోదు. మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే పోతుంది. అందుకే జాయింట్ల మీద ఉండే సున్నా గుర్తు గీతలు కంటికి సరిపోయేలా కలిపితే చాలు, పాత పాయింట్లు (రోబోకి నేర్పిన స్థానాలు) మళ్లీ కచ్చితంగా దొరుకుతాయి. గేరు 120:1 అనుకుంటే మోటార్ ఒక చుట్టు జాయింట్ దగ్గర 3 డిగ్రీలు, అంటే గీతల తేడా ఒకటిన్నర డిగ్రీ లోపు ఉండాలి. మోటార్ విప్పకుండా ఉండి, క్విక్ మాస్టర్ రిఫరెన్స్ ముందే సెట్ చేసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. లేదంటే జీరో పొజిషన్ మాస్టరే (కంటితో గీతలు కలిపి అక్కడే సున్నా పెట్టడం) గతి. అందులో మిగిలేది కంటి కచ్చితత్వమే, పాయింట్లు మళ్లీ టీచ్ చేసుకోవాల్సి రావచ్చు.

జే4, జే6 (నాలుగో, ఆరో యాక్సిస్‌లు) దగ్గర జాగ్రత్త. ఇవి 360 డిగ్రీలు దాటి తిరుగుతాయి, కాబట్టి ఒక పూర్తి చుట్టు తేడా ఉన్నా గీతలు చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి. గీతతో పాటు కేబుళ్లు, హోస్‌లు మెలిక పడ్డాయేమో చూడండి. మాస్టర్ చేశాక క్యాలిబ్రేట్, డన్. ఆపైన టీ1 (నెమ్మదిగా నడిపే టెస్ట్ మోడ్)లో 10 శాతం స్పీడుతో తెలిసిన పాయింట్ ఒకటికి పంపి చూడకుండా ఆటోలో పెట్టను.

కంట్రోలర్ మెయిన్‌బోర్డ్ మీద ఇంకో బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టుల లిథియం, నాలుగేళ్లకోసారి మార్చాలి. దీని పద్ధతి పూర్తిగా రివర్సు: కంట్రోలర్ 30 సెకన్లు ఆన్‌లో ఉంచి, ఆపేసి, పాతది తీసిన 30 నిమిషాల్లోపు కొత్తది పెట్టేయాలి. ఆలస్యమైతే పోయేది మెమరీ. కొత్తది కవర్ విప్పి చేతిలో పెట్టుకున్నాకే పాతదాని కనెక్టర్ లాగండి.