పదమూడు ఫారాల నవల

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధిలో మా హాస్టల్. గదికి నాలుగు మంచాలు. జావా కోర్సు కోసం వచ్చి అక్కడ పద్నాలుగు నెలలున్నాను. ఉద్యోగం వచ్చాక కూడా ఆ గది నన్ను వదల్లేదు. పొద్దున్నే బాత్రూం ముందు బకెట్ల వరస, ఇంటర్వ్యూ ఉన్నవాడు పక్కవాడి నీలం చొక్కా వేసుకెళ్లడం, ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది నాన్నా" అనడం... వీటితోనే నవల రాశాను. రెండేళ్లు పట్టింది.

ఇద్దరు ప్రచురణకర్తలు కొత్తవాళ్ల నవలలు కదలవన్నారు. సరే, నేనే వేసుకుందామనుకున్నాను.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, అంటే భయపడ్డాను గానీ అది తెచ్చుకోవడం తేలికే. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. రచయితే ప్రచురణకర్త అయినా ఇస్తారు. మధ్యలో ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

అసలు టెన్షన్ డీటీపీ దగ్గర, అంటే కంప్యూటర్లో పేజీలు అమర్చే దగ్గర మొదలైంది. నేను యూనికోడ్‌లో టైప్ చేశాను. డీటీపీ వాళ్లు దాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చేసరికి కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. మొదటి ప్రూఫులో చాలాచోట్ల "అమ్మ" కాస్తా "అమ" అయి కూర్చుంది. ఎర్ర పెన్ను పట్టుకుని మూడు ప్రూఫులు దిద్దాను. మూడోది చివరి పేజీ నుంచి వెనక్కి, ఒక్కో వాక్యం విడిగా చదివాను. కథలో పడ్డామంటే కన్ను తప్పుని దాటేస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లందరికీ ఈ పద్ధతి చెప్తుంటాను.

పేజీలు 212 తేలాయి. "ఒక్కో ఫారం, అంటే అచ్చయ్యే పెద్ద కాగితం, 16 పేజీలు సార్. 208 అయితే 13 ఫారాల్లో సరిపోతుంది. నాలుగు తగ్గించండి" అన్నాడు ప్రెస్సాయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి, నవలలో హీరో శీను హాస్టల్ డాబా మీద నిలబడి జీవితం గురించి మాట్లాడే ఘట్టం తీసేశాను. నేను ఎంతో ఇష్టంగా రాసుకున్న పేజీలవి. ఇప్పుడు నవల, అతను మెస్ బాకీ కట్టి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగడంతో ఆగుతుంది. ఆగాల్సిందీ అక్కడే. రాసేటప్పుడు నాకది అందలేదు.

300 కాపీలు వేశాం. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి పంపాల్సిన కాపీని నేనే పోస్టాఫీసుకి తీసుకెళ్లి ఇచ్చాను. మొట్టమొదటి కాపీ మాత్రం అప్పటి నా పక్క మంచం వాడికి ఇచ్చాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఆ నీలం చొక్కా నాదేరా."