కాపరి, ఊట, కుమ్మరి: దేవుని పోలికలు మన ఊళ్లలో చెప్పేటప్పుడు

పాలమూరు, నల్లగొండ వైపు చాలా సంఘాల్లో ఇరవై మూడో కీర్తనను పుస్తకం తెరవకుండా చెప్పేవాళ్లు ఉంటారు. కాపరి, మంద, బావి, కుండ, గుట్ట, కోడి: బైబిలు దేవుణ్ణి చూపడానికి వాడిన వస్తువులు చాలావరకు మన వాకిట్లో ఉన్నవే. అందుకే ఇవి మనకు విడమరచి చెప్పక్కర్లేదని అనుకుంటాం. నా మటుకు నాకు చిక్కంతా అక్కడే ఉందనిపిస్తుంది. తెలిసిన వస్తువు కనబడగానే వచనం చదవడం ఆపేసి, మనకు తెలిసిందే చెప్పుకుంటూ పోతాం. సండే స్కూల్ చెప్పేవాళ్ల కోసం, ఇంటి ప్రార్థన కూటాల్లో వాక్యం చెప్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క పద్ధతి చెప్తాను. పోలిక కనబడగానే వస్తువు పేరు కింద గీత గీయకండి. ఆ వచనంలో జరిగే పని కింద గీయండి. 'కాపరి' అన్నది పేరు. పరుండజేయడం, నడిపించడం, వెంట ఉండడం పనులు. దేవుడు ఏం చేస్తున్నాడని ఆ వచనం అంటున్నదో అదే పాఠం. మిగతాది మన ఊహ.

కాపరినే తీసుకుందాం. మన గొల్ల కురుమలు మందను సాధారణంగా వెనక నుంచి తోలుతారు. దూరం పోయేటప్పుడు, రోడ్డు దాటించేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటారు. యోహాను 10వ అధ్యాయంలో కాపరి ముందు నడుస్తాడు, గొర్రెలు అతని స్వరం గుర్తుపట్టి వెంట పోతాయి. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు దేవుణ్ణి వెనక నుంచి కర్రతో అదిలించేవాడిగానే ఊహించుకుంటారు.

పచ్చిక సంగతీ అంతే. మనకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. యెరూషలేము ఉన్న యూదయ ప్రాంతంలో వానలు అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకా పడతాయి. వేసవి అంతా చుక్క రాలదు. ఆ కొండల్లో పచ్చిక ఉండేదే చలికాలం, వసంతం నెలల్లో. మిగతా కాలమంతా మందకు మేత ఎక్కడుందో వెతికి తీసుకుపోవాల్సిందే. కాబట్టి ఇరవై మూడో కీర్తన రెండో వచనంలోని పచ్చిక ఎప్పుడూ దొరికే మైదానం కాదు, కాపరి తెలివితో వెతికిపట్టిన చోటు. ఎండాకాలం మేత కోసం మందను కృష్ణ ఆయకట్టు వైపు తోలుకుపోయే ఇళ్లవాళ్లకు ఇది ఒక్కసారి చెప్తే చాలు, వాళ్లే మిగతాది వివరిస్తారు. మీ సంఘంలో గొర్లు కాసేవాళ్లు ఉంటే పాఠానికి ముందు రోజే వాళ్లను కలిసి, ఈత గొర్లను ఎట్లా నడిపిస్తారో అడగండి. యెషయా 40:11లో పాలిచ్చే వాటిని మెల్లగా నడిపించడం అన్న మాట వాళ్ల నోట వింటే వేరుగా ఉంటుంది.

అదే కీర్తన నాలుగో వచనంలో రెండు పనిముట్లున్నాయి: దుడ్డుకర్ర, దండం. పొట్టి దుడ్డుకర్ర మృగాల్ని కొట్టడానికి. పొడుగు దండం నడవడానికి, గొర్రెను దారికి తేవడానికి. మందను కర్ర కింద నుంచి ఒక్కొక్కటిగా పంపి లెక్కపెట్టే అలవాటు లేవీయకాండము 27:32లో కనబడుతుంది. 'ఆదరించును' అన్న పని ఈ రెండింటికీ కలిపే ఉంది. కాబట్టి ఆ కర్రను గొర్రెను కొట్టే కర్రగా చెప్తే వచనం తలకిందులవుతుంది.

ఐదో వచనంలో పోలికే మారిపోతుంది, దాన్ని చాలామంది దాటేస్తారు. భోజనం బల్ల, తలమీద నూనె, నిండిన గిన్నె: ఇది కాపరి పని కాదు, విందు పెట్టే ఇంటి యజమాని పని. శత్రువుల ఎదుటే అతిథిని కూర్చోబెట్టి, అతని మీద చెయ్యి పడకుండా చూసుకుంటున్నాడు. నూనెను గొర్రె గాయాల మందు అని, బల్లను మేత మైదానం అని సాగదీసి చెప్పే ప్రసంగాలు ఉన్నాయి. అంత అవస్థ అక్కర్లేదు. కీర్తన రాసినవాడు ఒక పోలిక పని అయిపోగానే ఇంకోటి అందుకున్నాడు, మనమూ అట్లనే అందుకోవచ్చు.

కాపరి పోలికకు ఇంకో పక్క ఉంది. ఆ కాలపు రాజులు తమను కాపరులమని చెప్పుకునేవాళ్లు. బబులోను రాజు హమ్మురాబి తన శాసనం పీఠికలో ఆ మాటే వాడుకున్నాడు. యెహెజ్కేలు 34 చదివితే మెత్తగా ఉండదు: కొవ్వు తిన్నారు, ఉన్ని కప్పుకున్నారు, మందను మాత్రం మేపలేదు అని పాలకుల మీద ఫిర్యాదు. ఆ తర్వాతే దేవుడు నేనే వెతుకుతాను అంటాడు. కాపరి పాఠాన్ని గొర్రెపిల్ల బొమ్మతో ముగించేవాళ్లు ఏడాదికి ఒక్కసారైనా ఈ అధ్యాయం చదివించాలి.

ఇక నీళ్ల పోలిక. మన జిల్లాల్లో అన్నిటికంటే జాగ్రత్తగా పట్టుకోవాల్సింది ఇదే. యిర్మీయా 2:13లో దేవుడు తనను జీవజలముల ఊట అంటాడు. జనం ఆ ఊటను విడిచి, బద్దలై నీళ్లు నిలవని తొట్లు తొలిపించుకున్నారని బాధపడతాడు. ఆ తొట్టి ఎట్లా ఉంటుందో తెలియాలి. అక్కడి కొండ సున్నపురాయి. అందులో ఇరుకు మూతి, లోపల వెడల్పు కడుపు ఉండేలా గొయ్యి తొలిచి, లోపలి గోడలకు సున్నం పూస్తారు. చలికాలం వాన నీరు కాలువగట్టి అందులోకి మళ్లించి వేసవి దాకా దాచుకుంటారు. సున్నం పూత పగిలితే పగుళ్లలోంచి నీరంతా ఇంకిపోయి అడుగున బురద మిగులుతుంది. తర్వాత ఇదే ప్రవక్తను అట్లాంటి గోతిలోకే దింపారు; నీళ్లు లేవు, బురద ఉంది అని 38:6 చెప్తుంది.

మన దగ్గర నేల నల్లరాయి. నీరుండేది పైన మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో. పగులు తగిలితే బోరు పడుతుంది, పది అడుగుల అవతల వేస్తే దుమ్ము లేస్తుంది. ఒకటి ఎండితే ఇంకోటి, అదీ ఎండితే ఇంకా లోతుకు. ఇట్లా వేసి వేసి అప్పుల పాలైన రైతులు మన సంఘాల్లోనే కూర్చుని ఉంటారు. అక్కడ నిలబడి 'మీరు లోకమనే బోర్లు వేసుకుంటున్నారు' అని ప్రసంగం చేస్తే ఏమవుతుంది? నష్టపోయినవాడికి పాపి అన్న మాట కూడా తోడవుతుంది. యిర్మీయా మాట అది కానే కాదు. పక్కన పారే ఊట ఉండి కూడా విడిచిపోయినవాళ్ల మీద ఆయన ఫిర్యాదు. మన రైతుకు విడిచిపెట్టడానికి ఊటే లేదు. పైగా అదే అధ్యాయం 18వ వచనంలో ఆ తొట్లు ఏవో కూడా తెలుస్తుంది: ఐగుప్తు నది నీళ్లు తాగడానికి, అష్షూరు నది నీళ్లు తాగడానికి పోవడం. అంటే పెద్ద రాజ్యాల కాళ్ల మీద పడి భద్రత కొనుక్కోవడం. 8వ వచనంలో యాజకులు, పాలకులు, ప్రవక్తలు వరుసగా ఉన్నారు. ఈ పాఠం ముందు తగలాల్సింది వేదిక మీద ఉన్నవాళ్లకు.

నల్లగొండలో ఇంకో చిక్కు ఉంది. మునుగోడు, మర్రిగూడ వైపు భూమిలోంచి వచ్చిన నీళ్లే ఎముకలు వంచాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదని ప్రమాణం. అంతకు మించిన నీళ్లు తరాల తరబడి తాగిన ఊళ్లవి. అక్కడి పెద్దలకు 'భూమిలోంచి ఉబికే నీరు' అనగానే ప్రాణం గుర్తుకు రాదు. వాళ్ల దగ్గర ఈ వచనం చెప్పేటప్పుడు ఒక్క మాట ముందే అనండి: యిర్మీయా చెప్పే ఊట నిలవ ఉండదు, పారుతుంటుంది, తాగినవాడికి కీడు చెయ్యదు. ఆ తర్వాత వాళ్లనే మాట్లాడనివ్వండి.

ఇదే యిర్మీయా 15:18లో దేవుణ్ణి ఏమన్నాడో చదవండి. నమ్మించి ఎండిపోయే వాగులా నాకు అవుతావా అని అడిగాడు. ఊట అన్న నోటితోనే ఎండమావుల వాగు అన్నాడు. మన వాగుల్లాగే అక్కడివీ వానాకాలంలో పొంగి వేసవిలో ఇసుక మిగులుస్తాయి. ఆ నమ్మకంతో దాహంగా వచ్చినవాడు ఏమనుకుంటాడో ఆ మాటే ప్రార్థనలో పెట్టాడు. ఆ వచనాన్ని ఎవరూ కొట్టేయలేదు, బైబిల్లోనే ఉంచారు. రెండో అధ్యాయం చెప్పిన వారానికే పదిహేనో అధ్యాయం కూడా చెప్పాలని నా పట్టు.

కుమ్మరి పోలికలో తప్పు ఇంకో రకంగా జరుగుతుంది. రెండు వేరు వేరు సన్నివేశాలను ఒకటిగా కలిపేస్తారు. యిర్మీయా 18లో మట్టి పచ్చిగా ఉంది, సారె మీద ఉంది. కుండ చెడిపోతే కుమ్మరి అదే మట్టిని ముద్ద చేసి ఇంకో కుండ చేస్తాడు. 19లో కాలిన కూజా. దాన్ని బెన్‌హిన్నోము లోయలో పెద్దల ముందు పగలగొట్టాలి, అది మళ్లీ బాగుకాదు. కుండలు చేసేవాళ్లను అడిగితే మట్టిలో చిన్న రాయి ఉన్నా, సరిగ్గా తొక్కక గాలి మిగిలినా కుండ ఎట్లా పోతుందో చెప్తారు. పచ్చిగా ఉన్నంతసేపు ఏ తప్పైనా దిద్దొచ్చు, ఆవంలో కాలాక దిద్దలేం. 18ని చెప్తూ 'దేవుడు నిన్ను పగలగొడతాడు' అనడం 19ని తెచ్చి అందులో కలపడమే. ఆ అధ్యాయంలో ఉన్నది మళ్లీ చేయడం. వీలైతే పచ్చి మట్టి ముద్ద ఒకటి, కాలిన పెంకు ఒకటి పిల్లల చేతికివ్వండి. రెండింటి మీదా నీళ్లు పోయమనండి. పాఠం వాళ్లే చెప్తారు.

బండ గురించి కొద్దిగా. మనవాళ్లకు బండ అనగానే కరుణ లేనిది, పలకనిది అనే ఊహ వస్తుంది. 18వ కీర్తనలో బండ దాక్కునే చోటు. కోట, కేడెం దాని పక్కనే ఉన్నాయి. దావీదు సౌలుకు చిక్కకుండా తిరిగిన ఏన్గెదీ కొండలు గుహలతో నిండినవి. ఏడు గుట్టల నడుమ కట్టిన దేవరకొండ కోటను చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఇక ద్వితీయోపదేశకాండము 32:18లో ఆ బండే జనాన్ని కన్నది. రాయి, ప్రసవం ఒక్క వచనంలో పక్కపక్కన ఉన్నాయి.

ద్రాక్షావల్లి విషయంలో మన బత్తాయి రైతులు తప్పు అర్థం చేసుకునే వీలుంది. బత్తాయికి ఎండుకొమ్మలు, నీటికొమ్మలు తీసేస్తే సరిపోతుంది. ద్రాక్షకు అట్లా కాదు. దక్కన్‌లో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. బాగున్న తీగనే కొట్టకపోతే కొత్త చిగురు రాదు, గెల రాదు. యోహాను 15:2లో కత్తెర పడేది ఫలించే తీగ మీద కూడా. అది శిక్ష అని చెప్పకండి.

తల్లి పోలికలు మన ప్రసంగాల్లో చాలా తక్కువ వినబడతాయి. తండ్రి అన్న మాట యేసే నేర్పాడు, దాన్ని వదలమని ఎవరూ అనరు. కానీ తాగి వచ్చి కొట్టే నాన్న ఉన్న పిల్లకు ఆ ఒక్క మాటే రోజూ చెప్తే ఏం ఊహిస్తుంది? లూకా 15లోని తండ్రి పరుగెత్తుకొచ్చి మెడ మీద పడ్డాడు; ఆ పని చూపించండి. ఆ అధ్యాయంలోనే దీపం వెలిగించి ఇల్లు ఊడ్చి నాణెం వెతికే ఆడమనిషి ఉంది, ఆమె పని కూడా దేవుని పనే. యెషయా 66:13 తల్లి ఓదార్పు. యెషయా 42లో 13వ వచనం యుద్ధవీరుడు, 14వ వచనం నొప్పులు పడే స్త్రీ.

యెషయా 49:15 దగ్గర ఆగాలి. తల్లి తన చంటిబిడ్డను మరచునా అని అడిగి, వారైనా మరచుదురు అని తనే ఒప్పుకుంటుంది ఆ వచనం. పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో బైబిలే గీత గీసింది. అమ్మానాన్న ముంబై, పుణె పనికి పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు పాలమూరు సండే స్కూళ్లలో ఉంటారు. వాళ్ల ముందు వచనం మొదటి సగం చదివి ఆపడం అన్యాయం. అమ్మ తప్పు చేసిందని కూడా అనొద్దు. కూలి కోసం పోయింది. రెండో సగం చదవండి.

కోడి పోలిక చిన్నది. లూకా 13లో చదివితేనే దాని బలం తెలుస్తుంది. 32వ వచనంలో హేరోదు నక్క. 34లో యేసు కోడి. నక్క ముందు కోడికి పళ్లూ గోళ్లూ లేవు, రెక్కలున్నాయి. పిల్లలు రానన్నాయి అన్న దుఃఖం ఆ వచనం చివర ఉంది, అది వదిలేసి రెక్కల వెచ్చదనమే పాడుకుంటాం.

తయారీకి: ఒక పాఠానికి ఒక పోలిక, మించితే రెండు. నలభై నిమిషాల్లో పది నిమిషాలు అధ్యాయం మొత్తం చదవడానికే పోవాలి. తర్వాత ఆ పని అక్కడ ఎట్లా జరిగేదో, ఇక్కడ ఎట్లా జరుగుతుందో పక్కపక్కన పెట్టాలి. తేడా ఉన్నచోట తేడా ఉందని చెప్పాలి. చివర పది నిమిషాలు దానికి ఎదురు నిలిచే పోలిక ఒకటి చదవాలి: కాపరికి హోషేయ 13:7-8లోని సింహం, చిరుత, పిల్లలు పోయిన ఎలుగుబంటి, గాయం కడిగే చేతికి హోషేయ 5:12లోని చిమ్మట. హోషేయే 14:5లో మంచు అంటాడు. ఒకే ప్రవక్త ఇన్ని పోలికలు మార్చాడంటే ఏ ఒక్క దానితోనూ దేవుణ్ణి కట్టెయ్యలేమని అతనికి తెలుసు. 11:9లో దేవుడు తాను మనిషిని కానని కూడా చెప్పాడు.

చావు ఇంట్లో చదివేటప్పుడు విలాపవాక్యములు 3:22-23 మాత్రం ఏరి చదవకండి. అక్కడిదాకా రావడానికి ఆ మనిషి దేవుణ్ణి పొంచి ఉన్న ఎలుగుబంటి అన్నాడు, చాటున దాగిన సింహం అన్నాడు (10వ వచనం), తన మీదికి విల్లు ఎక్కుపెట్టాడన్నాడు. మొదటి వచనం నుంచి 24 దాకా వరసగా, నిదానంగా చదవండి. నాలుగైదు నిమిషాలు పడుతుంది. చదివాక వివరించకుండా కూర్చోండి; ఆ ఇంటివాళ్లు మాట్లాడాలనుకుంటే మాట్లాడతారు.