పాత ల్యాండ్ రోవర్‌ను బాగుచేసి అమ్మడం

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని బాగుచేసి అమ్మాలనుకునేవారు రంగు సంగతి ఆలోచించే ముందు బండి బరువు మోసే కింది చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను పరీక్షించాలి. 1948లో తొలిసారి ప్రజల ముందుకు వచ్చిన ల్యాండ్ రోవర్‌కు, యుద్ధానంతర ఉక్కు కొరత కారణంగా, అల్యూమినియం మిశ్రమలోహంతో బాడీ చేశారు. అందువల్ల పైరేకులు దశాబ్దాల తర్వాత కూడా బాగానే కనిపిస్తాయి కానీ, కింది ఉక్కు ఛాసిస్ లోపలి నుంచే తుప్పు పట్టి గుల్లబారుతుంది.

నా బండి ఛాసిస్‌ను చిన్న సుత్తితో తడుతూ వెళ్ళినప్పుడు గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగింది, వెనుక అడ్డకమ్మీ దగ్గర మాత్రం బోలు చప్పుడు వచ్చి తుప్పు పెళ్ళలుగా రాలింది. ఆ భాగాన్ని కోయించి, కొత్త ఉక్కు వెల్డింగ్ చేయించాకే మిగతా పని మొదలుపెట్టాను. ఉక్కు, అల్యూమినియం తాకేచోట తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది కనుక, బిగించేటప్పుడు రెండింటి మధ్య రబ్బరు పొర వేయించాను. బ్రేకులు, వైరింగు పూర్తిగా కొత్తవి వేయించడమే మేలు.

అమ్మకానికి పెట్టినప్పుడు తుప్పు ఫొటోలనూ, వెల్డింగ్ చేసిన చోట్లనూ కొనేవారికి దాచకుండా చూపించాను. ఛాసిస్ నంబరును పత్రాలతో వారినే సరిచూసుకోమని, ఎర్ర పిడి లీవరుతో లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) వేసి ఏటవాలు దారిలో నడిపి చూశాకే బేరం మాట్లాడుకుందామని చెప్పాను.