లీగ్ డి మ్యాచులు నేనెందుకు చూస్తానంటే

యూరప్ దేశాల ఫుట్‌బాల్ జట్లని స్థాయిని బట్టి ఏ నుంచి డి దాకా నాలుగు లీగులుగా విడగొట్టి ఆడించే పోటీ యూఫా నేషన్స్ లీగ్. ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రా తీసిన రోజు నా స్నేహితులంతా అన్నిటికన్నా పైనున్న లీగ్ ఏ మీదే పడతారు. స్పెయిన్ ఎవరితో ఆడుతుంది, ఫ్రాన్స్‌కి ఎవరు తగిలారు, ఇదే చర్చ. నేను ముందు అట్టడుగున ఉన్న లీగ్ డి చూస్తాను. 2024-25 సీజన్‌లో అక్కడున్నవి ఆరే జట్లు. ఒక గ్రూపులో జిబ్రాల్టర్, శాన్ మరీనో, లీక్టెన్‌స్టైన్. ఇంకోదాంట్లో మాల్డోవా, మాల్టా, అండోరా. "ఆ మ్యాచులు ఎవరు చూస్తారు?" అని చాలామంది అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కాలేజీ జట్టులో నేను సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌ని. మాకంటే చాలా పెద్ద జట్లతో ఆడినప్పుడు నాకు వచ్చిన విద్య ఒక్కటే: బంతి కాలికి అందితే చాలు, ఎటో అటు బాదేయడం. తలెత్తి చూసే తీరిక ఉండేది కాదు. మాకు సమానమైన జట్టు వస్తే మాత్రం ఆటే వేరు. పాస్ ఇవ్వాలా, కాసేపు బంతి ఆపాలా, డిఫెన్స్ లైన్‌ని ముందుకు జరపాలా, ప్రతిదీ నేనే తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నదాని ఫలితం స్కోరులో కనిపించేది. ఉజ్జీ కుదిరినప్పుడే నాకు ఆట వచ్చింది.

యూరప్‌లోని చిన్న దేశాలకు ఏళ్ల తరబడి దొరకనిది సరిగ్గా ఇదే. దీనికి కారణం డ్రా పద్ధతిలోనే ఉంది. వరల్డ్ కప్, యూరో (యూరప్ దేశాల కప్) క్వాలిఫయర్లలో డ్రాకి ముందు జట్లను ర్యాంకుల ప్రకారం వర్గాలుగా, అంటే పాట్‌లుగా విడగొడతారు. ఒకే పాట్‌లో ఉన్న జట్లు ఒకే గ్రూపులోకి రావు. అంటే బలహీనమైన జట్లన్నీ చివరి పాట్‌లో కలిసి ఉండి, తమలో తాము ఎప్పుడూ తలపడకుండా, తలా ఒక పెద్ద గ్రూపులోకి వెళ్లి దెబ్బలు తింటాయి. శాన్ మరీనో జనాభా 35 వేలు కూడా లేదు. ఆటగాళ్లలో చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లే. 2006లో జర్మనీ శాన్ మరీనో సొంత మైదానంలోనే వాళ్లని 13-0తో ఓడించింది. 2021లో ఇంగ్లండ్ 10-0తో గెలిచింది. అలాంటి మ్యాచులు ఎన్ని ఆడినా వాళ్లు ఏం నేర్చుకుంటారు?

2018లో నేషన్స్ లీగ్ వచ్చాక జట్లు తమ స్థాయి వాళ్లతో ఆడటం మొదలైంది. మొదటి సీజన్‌లోనే తేడా తెలిసింది. అక్టోబర్‌లో జిబ్రాల్టర్ ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లింది. మ్యాచ్‌కి ముందు వాళ్ల జాతీయ గీతానికి బదులు పొరపాటున లీక్టెన్‌స్టైన్ గీతం వేశారు. ఆ అవమానం దిగమింగుకుని ఆడి, జోసెఫ్ చిపోలినా పెనాల్టీతో ఆర్మేనియాను 1-0తో ఓడించారు. అధికారిక పోటీల్లో వాళ్ల తొలి విజయం అది. మూడు రోజులకే సొంతగడ్డ మీద లీక్టెన్‌స్టైన్‌ని 2-1తో ఓడించారు.

శాన్ మరీనోకి ఇంకా సమయం పట్టింది. 2020లో లీక్టెన్‌స్టైన్‌తో, జిబ్రాల్టర్‌తో 0-0 డ్రాలు చేసుకున్నారు. 2024 సెప్టెంబర్ 5న సొంతగడ్డ సెరావల్లెలో 19 ఏళ్ల నికో సెన్సోలి గోల్‌తో లీక్టెన్‌స్టైన్‌ని 1-0తో ఓడించారు. అంతకుముందు వాళ్లు గెలిచింది 2004 ఏప్రిల్‌లో, అదీ ఒక ఫ్రెండ్లీ. అప్పటికి సెన్సోలి పుట్టనే లేదు. మధ్యలో 140 మ్యాచులు, ఒక్క గెలుపు లేదు.

కానీ నాకు ఇంకా బాగా గుర్తుండిపోయింది నవంబర్ 18న లీక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్‌లో వాళ్లతోనే జరిగిన మ్యాచ్. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటంపావుకి మొదలైంది. జిబ్రాల్టర్ అప్పటికే నాలుగు మ్యాచులూ ముగించి 6 పాయింట్లతో పైన ఉంది. శాన్ మరీనోకి 4. డ్రా అయితే 5, పనికిరాదు. గెలిస్తేనే 7 పాయింట్లు, గ్రూపులో మొదటి స్థానం, లీగ్ సికి ప్రమోషన్. అప్పటిదాకా వాళ్లు పరాయి గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఒక మ్యాచ్‌లో మూడు గోల్స్ ఎప్పుడూ కొట్టలేదు. మొదటి సగంలో లీక్టెన్‌స్టైన్ ఆటగాడు ఆరోన్ సెలె గోల్ కొట్టేసరికి, ఇక ఇంతేనేమో అనిపించి టెన్షన్‌తో లేచి తిరిగాను. రెండో సగం మొదలవగానే లొరెంజో లజ్జారి సమం చేశాడు. తర్వాత నికోలా నాన్ని పెనాల్టీ. ఆ తర్వాత అలెస్సాండ్రో గొలినుచ్చి మూడోది. 3-1.

గోల్స్ కన్నా నేను ఎక్కువగా చూసింది వాళ్ల డిఫెన్స్‌ని. ఇంగ్లండ్ మీద బాక్సులోకి ముడుచుకుపోయి నిలబడ్డ జట్టు, ఇక్కడ వెనకబడి ఉన్నప్పుడు ధైర్యంగా ముందుకు వచ్చింది. బంతిని వదిలించుకోవడం మానేసి తమ దగ్గర ఉంచుకోవాలని చూసింది. ప్రపంచ ర్యాంకింగ్స్‌లో చిట్టచివరి జట్టు అలా ఆడుతుంటే ఆ రాత్రి నాకు కళ్లు చెమర్చాయి.

ఈ లీగ్ నుంచి పైకి వెళ్లినవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో కూడా చెప్పాలి. 2018-19లో లీగ్ డి గ్రూపులు గెలిచిన నాలుగు జట్లకి యూరోకి వెళ్లే ప్లేఆఫ్ దారి ఒకటి దొరికింది. 2020 నవంబర్‌లో జార్జియా రాజధాని టిబిలిసిలో జరిగిన ఆ ప్లేఆఫ్ ఫైనల్లో 37 ఏళ్ల గోరాన్ పాండెవ్ గోల్‌తో ఉత్తర మాసిడోనియా జార్జియాను ఓడించి, తొలిసారి ఒక పెద్ద టోర్నమెంట్‌కి వెళ్లింది. 2022లో అదే జట్టు పలెర్మోలో ఇటలీని ఓడించి వరల్డ్ కప్‌కి వెళ్లకుండా ఆపింది. టిబిలిసి ఫైనల్లో ఓడిన జార్జియా తన వంతు కోసం ఆగి, యూరో 2024కి వెళ్లి పోర్చుగల్‌ని 2-0తో ఓడించింది. ఈ రెండు జట్లూ మొదటి సీజన్ ఆడింది లీగ్ డిలోనే.

చిన్న జట్లని అసలు క్వాలిఫయర్ల నుంచే తీసేసి, ముందే వాళ్లలో వాళ్లకి ఒక రౌండ్ పెట్టాలని కొందరు అంటారు. 2025 అక్టోబర్‌లో ఆస్ట్రియా 10-0తో శాన్ మరీనోని ఓడించాక ఆ మాట మళ్లీ విన్నాను. నేను ఒప్పుకోను. పెద్ద జట్టు తమ ఊరికి వచ్చి ఆడటం ఆ దేశపు పిల్లలకి పండుగ. దాన్ని తీసేయడం దేనికి? దానితో పాటు గెలవగలిగే మ్యాచులు కూడా ఉండాలి, అంతే.

నాకున్న అసలు ఫిర్యాదు వేరే. పై లీగుల్లో ప్రతి జట్టుకీ ఆరేసి మ్యాచులుంటే, 2024-25లో మూడేసి జట్ల గ్రూపుల వల్ల లీగ్ డి వాళ్లకి నాలుగే వచ్చాయి. సరిజోడు మ్యాచులు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ! పాపం అండోరాని చూడండి. నాలుగు మ్యాచుల్లో మాల్టాతో ఒక్క 0-0 డ్రా, మిగతా మూడూ ఓటములు. వాటిలో రెండు 1-0 తేడాతోనే. ఆరు జట్లనీ ఒకే గ్రూపులో వేసి ఒక్కొక్కరితో ఒక్కోసారి ఆడించినా ఐదు మ్యాచులు వస్తాయి. అండోరా శాన్ మరీనోతో, మాల్టా జిబ్రాల్టర్‌తో పాయింట్ల కోసం తలపడతాయి. ఆ మ్యాచ్ ఎన్నింటికి పెట్టినా నేను మేలుకుని చూస్తాను.