పిల్లల తూకానికి బియ్యం: బరంపురంలో మా అంతోనివారి పండుగ

మొన్న జూన్ 13న పదువాపురి పునీత అంతోనివారి పండుగ మా ఇంట్లో చేసుకున్నాం. పిల్లలు సంతోషంగానే ఉన్నారు. నాకు మాత్రం ముందు రోజు బియ్యం ఇద్దామని వెళ్లిన హాస్టల్లో జరిగింది ఇంకా మింగుడు పడలేదు. అది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మేం ఉండేది బరంపురంలో. మా అత్తగారివాళ్లు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. నా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. మా విచారణలో, అంటే మా చర్చిలో, పూజ ఒడియాలో జరుగుతుంది, పిల్లలు బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. తెలుగులో జపం నేర్చుకోవాలన్నా, పునీతుల కథలు వినాలన్నా వాళ్లకు ఇల్లే దిక్కు. పెద్దాడికి అంతోని అని జ్ఞానస్నానం ఇప్పించిన రోజే అనుకున్నాను, వాడి పేరు పండుగ ఏటా ఇంట్లో తెలుగులోనే చేయాలని.

జూన్ 4న నవదిన ప్రార్థనలు మొదలుపెట్టాం. రాత్రి అన్నాలయ్యాక పావుగంట, అంతే. కరెంటు పోయినా ఆపలేదు.

కథ చెప్పడం నాకు ఇష్టమైన పని. 1195లో లిస్బన్‌లో పుట్టారు, అసలు పేరు ఫెర్నాండో. మొరాకోలో వేదసాక్షులైన, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన, ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల శరీరాలను 1220లో పోర్చుగల్ తెచ్చినప్పుడు చూసి, తానూ ఆ సభలో చేరి అంతోని అని పేరు పెట్టుకున్నారు. మొరాకో వెళ్లి జబ్బుపడి తిరిగి వస్తుంటే గాలికి ఓడ సిసిలీ దీవికి కొట్టుకుపోయింది. అలా ఇటలీ చేరారు. రిమిని ఊళ్లో జనం మాట వినకపోతే నీళ్ల ఒడ్డుకు వెళ్లి చేపలకు బోధించారని చెప్పుకుంటారు. ఆ ముక్క రాగానే మా పాప ఆపేసింది. "చేపలకి ఏ భాషలో చెప్పారమ్మా?" పెద్దాడు అందుకున్నాడు: "అక్కడ వాళ్ల భాషలో చెప్పుంటారు. గోపాలపురం చేపలకైతే తెలుగులోనే చెప్పాలి." గోపాలపురం బీచిలో వల లాగేవాళ్లంతా తెలుగే మాట్లాడతారని వాడికి తెలుసు. ఆ సాయంత్రం ఇద్దరూ అట్టముక్కలతో వంజరం, చందువ, కానాగంత చేపలు కత్తిరించి రంగులేసి అంతోనివారి స్వరూపం (విగ్రహం) చుట్టూ దారాలకు వేలాడదీశారు. కొనుక్కొచ్చిన తోరణం ఒక్కటి కూడా పెట్టలేదు. ఫోన్లో చూపించే పండుగ కిట్లకు డబ్బులు తగలేయకండి.

ఒక మాట చెప్పాలి. మనలో చాలామందికి అంతోనివారంటే పోయిన తాళాలు దొరకబుచ్చే పునీతుడు, అంతవరకే. ఆయన కీర్తనల పుస్తకం ఎత్తుకుపోయిన కుర్ర సన్యాసి, ఆయన ప్రార్థన వల్ల మళ్లీ తెచ్చి ఇచ్చాడట. ఆ నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. మంచిదే. కానీ ఆయన పేరు మీద ఇంకో ఆచారం ఉంది. దాన్ని పిల్లలకు చెప్పకుండా కొవ్వొత్తి వెలిగించి కేకు కోసేస్తే పండుగ సగమే అయినట్టు. ఇటలీలోని పదువాలో ఒక తల్లి, నీళ్లలో పడి చనిపోయిన బిడ్డను బతికిస్తే ఆ బిడ్డ తూకానికి సరిపడా ధాన్యం పేదలకు ఇస్తానని మొక్కుకుందట. బిడ్డ లేచాడు, తల్లి మొక్కు తీర్చింది. అంతోనివారి రొట్టె అని గుళ్లలో పంచేది ఆ ఆచారమే. ఈ ఏడు మా పిల్లల తూకానికి బియ్యం ఇద్దామనుకున్నాం.

తూకం వేయడమే పిల్లలకు అసలు పండుగైంది. పెద్ద బజారులో మాకు తెలిసిన కొట్టు సాహుగారు బస్తాలు తూచే కాటా మీద ఒక్కొక్కరినీ నిలబెట్టారు. పెద్దాడు 24 కిలోలు, పాప 16. మా తోడికోడలు బాప్టిస్టు సంఘం మనిషి, స్వరూపం ముందు కొవ్వొత్తి పెట్టడం ఆమెకు గిట్టదు. నేను వాదనకు దిగను. ఈ బియ్యం సంగతి మాత్రం ఆమెకు నచ్చి తన పాపనూ కాటా ఎక్కించింది, 12 కిలోలు. మేం తినే సన్నబియ్యం చూపిస్తే సాహుగారు వద్దన్నారు. ఇక్కడ కష్టం చేసుకునేవాళ్లు తినేది ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం, అదే ఇమ్మన్నారు. మంచి సలహా. మీరు ఇచ్చేటప్పుడు కూడా తీసుకునేవాళ్లు ఏది వండుకుంటారో అడిగి కొనండి.

మూడు సంచుల మీద పిల్లలు ఎవరి పేరు వాళ్లు రాసుకుని, అంతోనివారి చిన్న పటం ఒక్కొక్కటి అంటించారు.

ఇక ఆ హాస్టల్. పేద పిల్లలు చదువుకునే హాస్టల్, ఊరి పేరు, దాని పేరు వద్దు. ముందే ఫోన్ చేశాను. "బియ్యమా, తీసుకురండి" అన్నారు. పండుగ ముందు రోజు ఆటోలో సంచులు వేసుకుని, పిల్లలకు ఉతికిన బట్టలు తొడిగి తీసుకెళ్లాను. ఆఫీసు గదిలో కూర్చున్న పెద్దమనిషి సంచి వైపు చూశాడు, పటం చూశాడు, మొహం మారిపోయింది.

"ఏ చర్చి పంపింది?"

ఎవరూ పంపలేదని, మా బాబు పేరు పండుగని చెప్పాను. నేను "ఆపణ" అని మర్యాదగా మాట్లాడుతుంటే ఆయన నన్ను "తుమే" అంటున్నాడు. పిల్లలకు ఒడియా నాకన్నా బాగా వచ్చు, వాళ్లకు ఆ తేడా తెలుసు. తర్వాత గొంతు పెంచాడు. బియ్యం ఆశ చూపించి మతం మారుస్తారా, చట్టం తెలుసా అన్నాడు. వరండాలో హాస్టల్ పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. మా పాప నా చీర కొంగు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

చట్టం నాకు తెలుసు. ఒడిశాలో మత స్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది. బలవంతం చేసో, ఆశ చూపించో, మోసం చేసో మతం మార్చకూడదని అందులో ఉంది. నేను ఎవరినీ ఏ మతంలోకీ రమ్మనలేదు, ప్రార్థన చేయమని కూడా అడగలేదు. బియ్యం దించి నమస్కారం పెట్టి వెళ్లిపోవడానికి వచ్చాను. ఆ మాటే చెప్పాను. అప్పుడు ఆధార్ జిరాక్స్ అడిగాడు, ఇచ్చాను. దరఖాస్తు ఒడియాలో రాసివ్వమన్నాడు. నాకు మాట్లాడటం, చదవడం వచ్చు గానీ రాయడం అంతగా రాదు. "ఇన్నేళ్లు ఇక్కడి తిండి తిని రాయడం రాదా?" అని గదిలో ఉన్న నలుగురి ముందూ అన్నాడు. అత్తగారి ఇంట్లో కాపురానికి వచ్చిన మొదటి ఏడాది కూడా నన్ను ఎవరూ అలా అనలేదు.

అప్పుడు పెద్దాడు నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. మూడో తరగతి వాడు. బల్ల ఎత్తుకు అందకపోతే నిలబడి, తన పేరు పండుగ అని, తన తూకానికి బియ్యం తెచ్చానని, హాస్టల్ అన్నయ్యలు తినాలని గుండ్రటి ఒడియా అక్షరాల్లో ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. నా కొడుకని కాదు, అంత చక్కటి రాత ఆ ఆఫీసు గోడల మీద అంటించిన కాగితాల్లో ఒక్కటీ లేదు. ఆ పెద్దమనిషి చదివాడు. చదివి కూడా, పై ఆఫీసు పర్మిషన్ లేకుండా తీసుకోకూడదన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, ఆ బొమ్మలు పీకేస్తే చూస్తానన్నాడు. పర్మిషన్ నిజంగా కావాలంటే బొమ్మ పీకితే ఎలా తీసుకుంటాడు?

పటాలు తియ్యనన్నాను. సంచులు మళ్లీ ఆటోలోకి ఎక్కించాం. ఆటో అబ్బాయి ఒక్క మాటా అడగకుండా మూడూ తనే మోశాడు. "అమ్మా, మనం ఏం తప్పు చేశాం?" అని దారి పొడుగునా పెద్దాడు అడుగుతూనే ఉన్నాడు. ఏమీ చేయలేదని ప్రతిసారీ చెప్పాను. పిల్లలు మొదటిసారి ఒకరికి ఇవ్వడానికి చేయి చాస్తే, ఆ చేతిని దొంగ చేతిలా చూడటం పెద్దవాళ్లు చేయదగిన పని కాదు. ఆయనకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పి పంపాల్సింది, పిల్లల ముందు అలా మాట్లాడాల్సింది కాదు.

తెలిసినవాళ్లు కొందరు పటాలు తీసేసి ఇస్తే పోయేది కదా అన్నారు. నేను ఒప్పుకోను. ఇచ్చేది ఎందుకిస్తున్నామో దాచుకుని ఇమ్మని పిల్లలకు నేర్పితే ఆ పండుగ ఎందుకు?

పండుగ పొద్దున పూజకు వెళ్లాం. మేం తీసుకెళ్లిన రొట్టెలను గురువుగారు దీవించారు. సాయంత్రం పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) సంచులు గడపలోనే ఉండటం చూసి విషయం అడిగింది. ఆమె జగన్నాథుడి భక్తురాలు. మర్నాడు ఒడిశావాళ్ల రజ పండుగ, బియ్యం రుబ్బుకుంటూ మధ్యలో లేచి వచ్చింది. మొత్తం విని, వెనక సందులో కార్పొరేషన్ ఊడ్పు పని చేసే ఆడవాళ్లు ఉంటారని, పండుగ పూట వాళ్ల ఇళ్లలో బియ్యం అవసరమని చెప్పి తనే ముందు నడిచింది. అక్కడ పిల్లలు సోలతో కొలిచి గిన్నెల్లో పోశారు. పటంలో పసిబిడ్డను ఎత్తుకున్న ఈయన ఎవరని ఒక ముసలావిడ అడిగితే పెద్దాడు చేపల కథ నుంచి బాలయేసు దాకా ఒడియాలో చెప్పాడు. దీవించిన రొట్టె ముక్కలు పాప పంచింది. అందరూ తీసుకున్నారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇదే: ఆఫీసులున్న చోటికి పిల్లలను తీసుకెళ్లకండి. మీ వీధి తెలిసిన మనిషిని ఒకరిని అడగండి, ఇల్లు వాళ్లే చూపిస్తారు.

మర్నాడు మావుసీ పోడపిఠా (రజకు చేసే పిండివంట) పంపించి, మా రొట్టె ఎలా చేశావని అడిగింది. ఓవెన్ లేకుండా చేశాను. పావుకిలో గోధుమపిండి, పావుకిలో మైదా, ఒక చెంచా ఈస్ట్, రెండు చెంచాల పంచదార, చెంచా ఉప్పు, కొంచెం నూనె, గోరువెచ్చటి నీళ్లు. మా ఊరి జూన్ ఎండకు ముప్పావుగంటలోనే పిండి పొంగిపోతుంది, మరీ ఎక్కువసేపు ఆగితే పులుపెక్కుతుంది. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద పిండి గిన్నె పెట్టి, రబ్బరు, వెయిట్ తీసేసి మూత పెట్టి, సన్న మంట మీద ముప్పావుగంట. పుల్ల గుచ్చి చూసి, తడి అంటకపోతే దించేయండి.