చార్టులు తర్వాత, ముందు ఊళ్లోకి పోయి రండి

డేటా జర్నలిజం క్లాసు అనగానే పిల్లలు రంగురంగుల చార్టులు, వేలు పెడితే కదిలే మ్యాపులు ఊహించుకుని వస్తారు. మొదటి రోజు నేనిచ్చే పని చూసి మొహాలు వేలాడేస్తారు. మీ పంచాయతీ పేరు వెతకండి, పోయినేడాది ఖర్చుల్లోంచి ఒక్క వరస తీసుకోండి, అది నిజమో కాదో ఊళ్లో చూసి రండి. అంతే. "ఎక్సెల్ ఎప్పుడు నేర్పిస్తారు మేడమ్?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు.

నేను చాలా ఏళ్లు జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఇప్పుడు అనంతపురం చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో, అప్పుడప్పుడు మండల విలేకరులకు ఈ పాఠాలు చెబుతున్నాను. విలేకరులకు దక్కేది లైన్ అకౌంటు లెక్కన, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి, అరకొర డబ్బులు. వాళ్లను కూర్చోబెట్టి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోమంటే దండం పెట్టి లేచిపోతారు. పోవడంలో న్యాయమూ ఉంది.

అసలు లెక్కను ఊళ్లో సరిచూడటం ఈ జిల్లాకు కొత్త విద్యేమీ కాదు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట ప్రారంభించింది ఇక్కడి బండ్లపల్లిలోనే. ఆ ఏడాదే జిల్లాలో సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాటికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని గడపగడపకూ తిరిగేవాళ్లు. తర్వాత జనం ముందు మైకులో పేరు, పనిరోజులు, డబ్బులు చదివేవాళ్లు. "ఆ వారం నేను బెంగళూరులో ఉంటి, నా పేరు మీద కరువు పనికి ఎవరు పోయినారు?" అని ఒకామె లేచి అడిగిందంటే, ఇక ఆ లెక్కకు చార్టు ఎందుకు?

ఇప్పుడు కాగితాల బదులు వెబ్‌సైట్లు వచ్చాయి. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో పంచాయతీ వార్షిక ప్రణాళిక, అందులో రాసుకున్న పనులు, చెల్లింపుల వివరాలు ఎవరైనా చూడొచ్చు. చిక్కంతా పేర్ల దగ్గరే. మన కొత్తపల్లికి ఇంగ్లీషులో ఒక జాబితాలో ఒక 'టి' ఉంటే ఇంకో జాబితాలో రెండుంటాయి, చివర ఒకచోట 'ఐ', మరోచోట 'ఇ'. పైగా కొత్తపల్లి పేరుతో ఊళ్లు ఎన్నో! అందుకని పేరుతో కాకుండా, లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి పంచాయతీకీ ఉండే కోడ్ నంబరుతో జాబితాలు కలపడం నేర్పిస్తాను. తేదీల గొడవ ఇంకోటి. సెట్టింగు చూసుకోకపోతే ఎక్సెల్ ఏప్రిల్ 3ను మార్చి 4 చేసి కూర్చుంటుంది. దాంతో ఆ ఖర్చు ఒక ఆర్థిక సంవత్సరంలోంచి ఇంకో దాంట్లోకి దూకేస్తుంది. నా పాఠంలో టెక్నాలజీ అనదగింది చాలావరకు ఇంతే.

పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి తన పంచాయతీలో పైపులైను మరమ్మతు వోచర్ పట్టుకుంది. కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు, యాభై వేలకు కాస్త తక్కువ. వాళ్ల వీధి కొళాయిలో ఎండాకాలం నుంచి చుక్క నీరు లేదు. 'పైపులైను నిధులు స్వాహా' అని హెడ్డింగు కూడా రాసుకొచ్చేసింది. (స్వాహా, గోల్‌మాల్, హాంఫట్. ఈ మూడింట్లో ఒకటి పడితేగానీ పేజీకి కళ రాదని మా డెస్కుల నమ్మకం.) హెడ్డింగు పక్కన పెట్టి గ్రామ సచివాలయానికి పోయి ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చూపించమని అడుగు, అన్నాను.

"ఏమ్మా, ఎవరు పంపించినారు నిన్ను?" అన్నాడట కార్యదర్శి.

"ఎవరూ పంపలేదు సార్. మాది ఈ ఊరే. ఇది మీ సైట్లోనే ఉంది" అని ఫోన్ చూపించింది. ఆయన కాసేపు ఆ స్క్రీన్ వైపే చూసి, ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను పిలిచి పుస్తకం తీయించాడు. పని జరిగింది ఎస్సీ కాలనీలో. పైపు పొడవు, గేటు వాల్వు, అన్నీ రాసి ఉన్నాయి. పోయి చూస్తే పైపూ ఉంది, నీళ్లూ వస్తున్నాయి. "రెండేండ్లు కొట్లాడితే వేసినారు" అని అక్కడి అవ్వ ఒకామె చెప్పింది.

స్వాహా పోయింది. మళ్లీ ప్రణాళిక తిరగేస్తే, వాళ్ల వీధి పని కూడా జాబితాలో ఉంది, చెల్లింపుల్లో మాత్రం లేదు. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని వేరే పనులకు మళ్లించకూడదు. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. తాగునీటి వాటాలో ఇంకా ఎంత మిగిలింది, ఏ పని ముందో ఏది వెనకో ఎవరు తేల్చారు? ఇప్పుడు ఇవీ ప్రశ్నలు. దొంగ దొరకలేదని ఆ పిల్ల కాస్త నీరసపడింది కానీ, నా దృష్టిలో ముందుదానికంటే ఇదే పెద్ద వార్త.

ఫోన్‌లోనే ఒకటిన్నర నిమిషం వీడియో చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పెట్టేముందు మనుషుల పేర్లు, ఖాతాలు కనిపించే భాగాలన్నీ కత్తిరించమన్నాను. ఆధార్, జాబ్ కార్డు నంబర్లు ఏదో వెబ్‌సైట్లో కనిపిస్తున్నంత మాత్రాన ఊరి గ్రూపులో తిప్పేయకూడదు. ఈ విషయంలో నేను మొండిదాన్ని.

మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. సభ పెట్టడం అంత కష్టమేం కాదు. ఫొటో దిగాక కూడా జనం కూర్చోవాలంటే అడగడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. తర్వాత వాళ్ల ఊళ్లో జరిగిన సభలో ఈ అమ్మాయి ప్రణాళికలోని ఆ వరస చదివింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు సర్పంచి. "మినిట్స్‌లో రాయండి సార్" అంది. అప్పుడే కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ లేచి, "మా వాల్వు మళ్లా కారుతాంది, అది గూడా రాపియ్ పాపా" అంది. ఇంకొకరు వీధి దీపాల సంగతి ఎత్తారు.

రాశారో లేదో తెలియాలంటే ఆ మినిట్స్, అంటే సభలో జరిగింది రాసిన కాగితాల నకలు కావాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. ఈ సంగతి మా విలేకరుల్లోనే చాలామందికి తెలియదు. దరఖాస్తు ఇచ్చి, తేదీ వేయించి రసీదు తీసుకుంది. 30 రోజుల గడువు ఇంకా దాటలేదు.

కొత్త బ్యాచ్ వచ్చే వారం. ఈసారి అందరికీ వీధి దీపాల వోచర్లే ఇద్దామనుకుంటున్నాను. రాత్రిపూట తిరగాలి కాబట్టి ఇద్దరిద్దరిని పంపాలి, ఇళ్లలో ముందే చెప్పి ఒప్పించాలి.